పిల్లలకు చూపవలసిన భారతము

బిడ్డకు పండ్రెండు, పదమూడేండ్లు నిండగానే తలిదండ్రులకు పట్టుకొను చింతలలో నొకటి యిటీవల తఱుచుగా వినబడుచున్నది. “లోకములోని సంగతులన్నియు వీనికి తెలియును గాని మనవి మాత్రము తెలియవు” అందురు. ఈ మాట విజయవాడలోను, హైదరాబాదులోను వినబడును. అమెరికాలో స్థిరపడిన తెలుగు గృహములలో మఱింత గట్టిగా వినబడును. ఆ పిమ్మట ఒక పుస్తకమో, సినిమాయో తెచ్చి బిడ్డ ముందుంచుదురు. ఉంచుట మంచిదే. ఏది యుంచవలెనన్న చోటనే మాకు వారితో నొక తగవు గలదు. మచ్చలేని వస్తువులను మాత్రమే యేఱి, ఇదియే నీ దేశము, ఇదియే నీ సంస్కృతి యని యెదిగిన బిడ్డ చేతి కిచ్చుట న్యాయమా? మన సంఘమున నున్న గాయములను గూడ చూపవలసి యుండునా? చూపినచో అభిమానము చెడదా? ఈ ప్రశ్న పైకి విద్యకు సంబంధించినదిగా గనబడినను, మా దృష్టిలో నిది ధర్మమునకు సంబంధించినది.

పసిపిల్లల విషయమున మాకు తగవు లేదు. 1947 జూలైలో నాగిరెడ్డి, చక్రపాణిగార్లు మదరాసున ప్రారంభించిన చందమామ, అది నిలిచిపోవు వఱకును తెలుగిండ్లలో చేసిన మేలు సామాన్యమైనది కాదు. ఢిల్లీ దూరదర్శనమున జరిగిన యొక ప్రశ్నల పోటీలో పిల్లలు గ్రీకు దేవతలను గూర్చి చెప్పగలిగియు రాముని తల్లి పేరు చెప్పలేకపోవుట చూచి, అనంత పాయిగారు 1967లో అమర చిత్ర కథలను ప్రారంభించిరని ప్రసిద్ధి. 1987లో రామాయణము, ఆ మరుసటి యేడు మహాభారతము దూరదర్శనమున ప్రసారమైనప్పుడు ఇల్లిల్లును ఒక సభ యైనది. ఆ మహాభారతమునకు సంభాషణలు వ్రాసినవారు రాహీ మాసూమ్ రజా యను ముస్లిము రచయిత. ఈ యొక్క సంగతి మత సామరస్యమును గూర్చిన పెక్కు ఉపన్యాసముల కంటె ఎక్కువ చెప్పును. దానిని పిల్లలకు చెప్పువారే తక్కువ. ఎనిమిదేండ్ల బిడ్డకు రాముడెవరో, భీముడెవరో తెలిసి, కథ విని నిద్రపోగలిగిన చాలును.

పదునాలుగేండ్ల బిడ్డ వేఱు. ఆ యీడున న్యాయమును తూచు త్రాసు క్రొత్తగా చేతికి వచ్చును. క్రొత్తది గనుక దానితో నింటిలోని ప్రతి వస్తువును తూచి చూచును. తల్లి తుదకు భుజించుట చూచును. పనిమనిషికి వేఱుగా నుంచిన గ్లాసును చూచును. అడుగదు, అడుగలేదు గనుక చూడలేదని మనము తలంతుము. అట్టి బిడ్డకు లోపమన్నది లేని సంస్కృతిని చూపినచో కలుగు ఫలములు రెండు. నమ్మెనా, కన్నులెదుటి అన్యాయమును చూడకుండుటయే దేశభక్తి యని నేర్చును. నమ్మదా, పెద్దలు తనకు బొంకు చెప్పిరని యొకనాడు గ్రహించి, బొంకుతో పాటు నన్నయను, త్యాగరాజును గూడ విసరివేయును. రెండు తెగలవారిని మేము చూచితిమి. రెండవవారిని పాశ్చాత్య వ్యామోహముచే చెడినవారని నిందించుట వాడుక. వారిని చెడగొట్టినది పశ్చిమము కాదని మా యభిప్రాయము.

ఇంటికి వచ్చిన చుట్టమునకు వసారాయు, నడిమి గదియు చూపుదుము. కొడుకునకును కూతునకును పెరడు చూపుదుము, అటక చూపుదుము, ఈడు వచ్చిన పిదప అప్పు పత్రములను గూడ చూపుదుము. ఇల్లు వారిది గావుననే చూపుదుము. సంస్కృతి విషయమున మాత్రము మన బిడ్డలను చుట్టములను జేసి వసారాలో కూర్చుండబెట్టుచున్నాము.

పెద్దలు దీనికి చెప్పు సమాధానము ఒకటి గలదు. తప్పులు వెదకు బుద్ధి మనది కాదనియు, ఇంగ్లీషు చదువుతో వచ్చినదనియు అందురు. ఇట్లనువారు సభాపర్వమును మఱల నొకసారి తెఱచి చూడవలెను. జూదమున ధర్మరాజు తన్ను తానోడి, ఆ తరువాత ద్రౌపదిని పణముగా నొడ్డి యోడెను. ఆమెను తీసికొనిరమ్మని దూతను పంపగా, ఆమె రాలేదు, ప్రశ్నను పంపెను. తన్ను తాను ముందుగా నోడినవానికి నన్నొడ్డు నధికార మెక్కడిదని యామె యడిగినది. సభలో భీష్ముడున్నాడు, ద్రోణుడున్నాడు, కృపుడున్నాడు. ధర్మము సూక్ష్మమైనది, నిర్ణయింపజాలనని భీష్ముడనెను. విదురుడు మొఱపెట్టెను. దుర్యోధనుని తమ్ములలో నొకడైన వికర్ణుడు లేచి, ఈమె గెలువబడలేదని చెప్పెను. చిన్నవాడవు, నీకేమి తెలియునని కర్ణుడాతనిని కసరి కూర్చుండబెట్టెను.

ఈ ఘట్టమును సినిమాలలో పలుమార్లు చూపిరి. చీరలు వచ్చుచుండును, బిడ్డలు చేతులు జోడింతురు. చీరలకు ముందు వచ్చిన ప్రశ్న తెఱమీద ఒక్క నిమిషములో గడచిపోవును. పదునాలుగేండ్ల బాలిక కావలసినది ఆ ప్రశ్నయే. ఆ సభలో అంతమంది పెద్దలు ఏల యూరకుండిరని యామె తప్పక అడుగును. అడిగినప్పుడు తండ్రి కంగారుపడి శాపములును, పూర్వజన్మలును వెదకనక్కఱలేదు. ఆమె యడిగిన ప్రశ్ననే మహాభారతము తానే యడిగినది, దానికి ఉత్తరము రాకుండుటను దాచక వ్రాసినది, దానిని పదునొకండవ శతాబ్దమున రాజమహేంద్రవరమున కూర్చుండి నన్నయ తెలుగు చేసినాడు అని చెప్పిన చాలును. తన సందేహము కుటుంబమునకు ద్రోహము కాదనియు, కుటుంబపు ఆస్తి యనియు నాబిడ్డకు తెలియును. వికర్ణుని పేరు మన పిల్లలలో నెందఱికి తెలియును? పెద్దల సభలో లేచి నిజము చెప్పిన చిన్నవాని పేరు తెలియకపోవుటకు బాధ్యులము మనమే.

దూరదేశములలోని తెలుగువారు చెప్పు అభ్యంతరము ఇంతకంటె బరువైనది. దానిని తేలికగా త్రోసివేయ మాకు మనసొప్పదు. 2005-06లో కాలిఫోర్నియా రాష్ట్రమున ఆఱవ తరగతి చరిత్ర పాఠ్యపుస్తకములను గూర్చి పెద్ద వివాదము జరిగినది. ప్రాచీన భారతమును గూర్చిన పాఠములలో కులములను, స్త్రీల స్థితిని చెప్పు వాక్యములను మార్పవలెనని కొన్ని హిందూ సంఘములు కోరినవి. పలువురు పండితులును, దళిత సంఘములును ఆ మార్పులకు అడ్డుచెప్పిరి. 2006 మార్చిలో రాష్ట్ర విద్యామండలి వివాదమునకు మూలమైన మార్పులలో పెక్కింటిని నిరాకరించినది. మార్పు కోరిన తల్లులలో అందఱును కులాభిమానులు కారు. ముప్పదిమంది పరుల పిల్లల నడుమ తన బిడ్డ యొక్కతె కూర్చుండి యుండగా, ఉపాధ్యాయిని పాఠము చెప్పి, అందఱి చూపులును ఆ బిడ్డ మీదికి మరలిన క్షణమును ఆ తల్లి తలచుకొన్నది. ఇతరుల ఇతిహాసమును వారి శిల్పములతో చెప్పి, మాది మా పాపములతో చెప్పుట తగునా యని యడిగినది. ఈ మాటలో న్యాయము లేకపోలేదు. అయినను చూడుడు: ఆ తరగతిలో తల వంచుకొన్న బిడ్డ ఎందుచేత తల వంచుకొన్నది? ఆ సంగతిని మొదటిసారిగా పరుల నోట వినుటచేతనే. తన యింటిలో, తన వారి నోట, తన కవుల మాటలలో ముందే వినియున్నచో, ఆ బిడ్డ లేచి, “అవును, ఉన్నది, దానిని మావారే యెదిరించిరి, ఇంకను ఎదిరించుచున్నారు” అని చెప్పగలిగియుండును. అదే తరగతిలో దళిత కుటుంబపు బిడ్డయు కూర్చుండి యుండవచ్చునన్న సంగతి మఱువరాదు. పాఠము తొలగించినచో ఒక బిడ్డకు సిగ్గు తప్పును. రెండవ బిడ్డకు తన తాతల చరిత్రయే తప్పిపోవును.

దాచుటయంతయు పాపమేనా యన్నచో, కాదనియే చెప్పవలెను. విభూతిభూషణ బంద్యోపాధ్యాయుని నవలను సత్యజిత్ రాయి 1955లో తెఱకెక్కించిన పథేర్ పాంచాలీలో దీనికి నిదర్శనమున్నది. పొరుగింటివారి పూసలదండను దొంగిలించినదని దుర్గ యను బాలికను నిందింతురు, ఆమె కాదనును. ఆమె మరణించిన పిదప, ఊరు విడిచిపోవుటకై సామానులు సర్దుచుండగా తమ్ముడు అపుకు ఆ దండ దొరకును. ఎవరికిని చెప్పక దానిని కొలనులో విసరివేయును. నాచు విడివడి, మఱల కలసికొనును. మాటలు లేని యీ దృశ్యమును చూచి, వాడు చేసినది తప్పని యనగల కఠినుడెవడు? దుర్గ చనిపోయినది, ఆ దండ బయటపడినందున ఎవరికిని మేలు లేదు, దాచినందున ఎవరికిని కీడు లేదు. అపు లోకమునుండి దాచెను గాని తననుండి దాచుకొనలేదు. కాని యెవని మెడమీదనో నేటికిని కాలు మోపియుండగా, ఆ కాలిని శాలువతో కప్పుట యిట్టి దాచుట కాదు. అది మఱుగుపఱచునది కాలిని కాదు, క్రింద నున్న మెడను.

ఈ చిత్రమును గూర్చియు నొక వివాదము గలదు. మన దారిద్ర్యమును పరదేశములలో ప్రదర్శించి పేరు సంపాదించుచున్నారని 1980లో రాజ్యసభ సభ్యురాలుగా నుండిన నటి నర్గీసు రాయిని విమర్శించినది. పరుల మెప్పునకై మన గాయములను గోకి చూపు చిత్రములు లేకపోలేదు. వానిని గుర్తించుటకు మా కొలమానము సులభమైనది: అందులోని పేదవాడు నవ్వునా? దుర్గ నవ్వును, వానలో తడియును, తమ్మునితో కలసి రైలును చూచుటకై రెల్లుగడ్డిలో పరుగెత్తును. జాలిపడుటకు మాత్రమే చూపబడినవాడు ఎవరికిని బంధువు కాజాలడు.

అదే 1955లో మన కన్యాశుల్కము పి. పుల్లయ్యగారి దర్శకత్వమున చిత్రమై వచ్చినది. రామారావు గిరీశముగను, సావిత్రి మధురవాణిగను నటించిరి. ముందు సినిమా చూపి తరువాత పుస్తక మిచ్చుట మాకు ఇష్టము కాదు. గిరీశము వెంకటేశమునకు చెప్పు చదువును బిగ్గరగా చదివి వినిపించినచో, తెలుగు లిపి రాని పిల్లలు సైతము పడిపడి నవ్వుదురు. గురజాడ వ్రాసినది పుస్తకపు తెలుగు గాదు, నోటి తెలుగు. (అతని మాటలను మేము నేర్చిన భాష అనుకరింపజాలదు, అది మా కొఱత.) సంస్కరణమును గూర్చి గిరీశము కంటె అందముగా మాటలాడినవాడు ఆ నాటకమున లేడు, అతనికంటె పెద్ద మోసగాడును లేడు. ఉపన్యాసములు నేర్చిన మనవంటివారికి కూడ ఇందులో నొక చెంపపెట్టున్నది. పిల్లలు దానిని మనకంటె ముందే గ్రహింతురు. వారి నవ్వు చల్లారిన పిదప 1897 నాటి మొదటి కూర్పునకు గురజాడ వ్రాసిన ఇంగ్లీషు పీఠికలోని లెక్క చెప్పవలెను. విశాఖపట్టణపు మండలమున మూడేండ్లలో జరిగిన యిట్టి వివాహములను విజయనగర సంస్థానాధీశుడు లెక్కింపించగా 1034 తేలినవి. పెండ్లికూతుళ్లలో ఐదేండ్లవారు 99 మంది. ఏడాది పసికందులు ముగ్గురు. ఇది గతించిన కాలపు కథ యని బిడ్డ ఊపిరి పీల్చుకొనకమునుపే మఱియొక లెక్కయు చెప్పుడు. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము, ఇరువది మొదలు ఇరువదినాలుగేండ్ల లోపు స్త్రీలలో పదునెనిమిదేండ్లు నిండకమునుపే పెండ్లియైనవారు ఆంధ్రప్రదేశమున నూటికి 29 మంది, తెలంగాణమున 23 మందికి పైగా నున్నారు. బిడ్డ తరగతి గదిలోనే అట్టి బాలిక కూర్చుండి యుండవచ్చును.

కాని అన్నిటికంటె మేము ముందుగా చేతికి ఈయదలచునది జాషువా గబ్బిలము. 1941లో వెలువడిన యీ కావ్యమును ఒంటరిగా ఈయరాదు. ముందు మేఘసందేశము కథ చెప్పవలెను. కాళిదాసుని యక్షుడు శాపగ్రస్తుడై రామగిరిని చేరి, అలకాపురిలో నున్న భార్యకు మేఘము ద్వారా సందేశము పంపెను. ఈ సంప్రదాయమును పట్టుకొని తరువాతి కవులు హంసలను, గాలిని, చిలుకలను దూతలుగా పంపిరి. జాషువా కథానాయకుడు అస్పృశ్యుడు. అతని సందేశము ప్రియురాలికి గాదు, కాశీలో నున్న విశ్వేశ్వరునికి. అతని గుడిసెలోనికి హంస రాదు, గబ్బిలము వచ్చినది. అందఱు అపశకునమని యసహ్యించుకొను ప్రాణియే దూత యైనది. ఏలయన, ఏ మనుష్యునికి గుడి తలుపులు మూసిరో ఆ మనుష్యుని గుడిసెలో తిరుగాడు గబ్బిలము గర్భగుడిలో నిరాటంకముగా వ్రేలాడగలదు. గబ్బిలమునకు లేని అంటు మనుష్యునికి వచ్చినది.

కాళిదాసు తెలియని బిడ్డకు ఇందలి బాధ సగమే తెలియును. ఆ రాచబాటపై నడచుటకు ఎవరికి అర్హత లేదనిరో, అతడే ఆ బాటపై నడచి, దానిపైననే తన అభియోగమును నడిపించెను. దారిలోని ప్రసిద్ధ స్థలములను అతడు అభిమానముతో వర్ణించును. అవి తనవి గావను మాట యెక్కడను అనడు. ప్రేమయు, అభియోగమును ఒకే పద్యములో ఇమిడియుండుట చూచిన బిడ్డకు, దేశమును ప్రేమించుటా, విమర్శించుటా యన్న వాదము ఎంత వట్టిదో మనము వేఱుగా చెప్పనక్కఱలేదు. జాషువా గూడ మన సంస్కృతిలోని వాడే గదా. అతనిని చేర్చక పెట్టినది పూర్తి యాస్తి యెట్లగును?

దాచు గుణము పూర్వాచారపరులకే యున్నదని సంస్కారులు సంతోషింపరాదు. తంజావూరున ప్రతాపసింహుని కాలమున ముద్దుపళని వ్రాసిన రాధికాసాంత్వనమును అశ్లీలమని నిందించినవారిలో మన వీరేశలింగముగారే యుండిరి. బెంగుళూరు నాగరత్నమ్మ దానిని 1910లో మఱల ప్రకటింపగా, మఱుసటి యేడు ప్రభుత్వము నిషేధించినది. 1947లో ప్రకాశముగారి ప్రభుత్వమున గాని ఆ నిషేధము తొలగలేదు. ఆ కావ్యమును పదునాలుగేండ్లవారికి చదివింపుమని మేము చెప్పుట లేదు. ఆ కథను మాత్రము పదునేడేండ్ల బాలికకు తప్పక చెప్పవలెను. పురుషుడు వ్రాసిన శృంగారము ప్రబంధమై, స్త్రీ వ్రాసిన శృంగారము నేరమైన కాలమొకటి యుండెనని ఆమెకు తెలియవలెను. వితంతువుల కొఱకు అంత పోరాడిన మహనీయునికి గూడ ఈ చోట చూపు ఆనలేదనియు తెలియవలెను. దానిచేత ఆయన గౌరవము తగ్గదు.

ఇంతవఱకు చదివినవారు, ఈ పెద్దమనుష్యులు పిల్లల చేత నవ్వనీయరు గాబోలునని తలచెదరేమో. అట్లు తలపవలదు. పిల్లలతో కలసి మాయాబజారు చూడనివారిని తలచుకొని మేము జాలిపడుదుము. 1957లో వచ్చిన ఆ చిత్రమున పాండవుల కథ యనుచునే పాండవులను ఒక్కసారియైన చూపలేదు. శశిరేఖా పరిణయము వ్యాసుని భారతములో లేనే లేదు, మనవారు కల్పించుకొన్నది. పురాణమును మార్చరాదని కన్నెఱ్ఱజేయువారికి ఘటోత్కచుని భోజనమే సమాధానము. అట్లే, 1977లో వచ్చిన దానవీరశూరకర్ణలో కులమును నిలదీయు మాటలను సుయోధనుని నోట పెట్టిరి. పిల్లలు ఆ మాటలను అద్దము ముందు నిలిచి వల్లించుట మేమెఱుగుదుము. న్యాయమైన మాటను దుష్టుడని పేరుపడినవాని చేత ఏల పలికించిరని ఒక్క ప్రశ్న వేసి యూరకుండుడు. చిత్రము నడుచుచుండగా మధ్యలో నిలిపి వ్యాఖ్యానము చెప్పు తండ్రి కంటె ఫోనులో తలదూర్చిన తండ్రియే మేలు. ఈతడు కనీసము బిడ్డను చూడనిచ్చును. పుస్తకమును బిడ్డ యొంటరిగా చదువుకొననిండు. చిత్రమును మాత్రము ప్రక్కన కూర్చుండి చూడవలెను, ఏలయన చీకటిలో ప్రక్కనున్నవారు ఎక్కడ కదలిరో బిడ్డ గమనించుచుండును.

పదునైదేండ్లవారికి చూపదగిన క్రొత్త చిత్రములలో నొకటి చెప్పుదుము. నాగరాజ్ మంజుళే 2013లో తీసిన ఫండ్రీ యను మరాఠీ చిత్రమున నాయకుడు వారి యీడువాడే. పందులను పట్టుట ఆ కుటుంబపు వృత్తి. ఆ బాలునికి తన తరగతిలోని అగ్రకులపు బాలికపై మనసు. ఆమె చూచుచుండగా, ఊరు నవ్వుచుండగా, తండ్రితో కలసి పందిని తఱుమవలసివచ్చును. అంతలో బడిలో జాతీయగీతము వినబడును. వారందఱు కదలక నిలిచిపోవుదురు, పంది పాఱిపోవును. తుదకు ఆ బాలుడు విసరిన రాయి తెఱపై మన మొగము మీదికే వచ్చును.

ఆ రాయి తగిలిన తరువాత కొంత సేపు ఎవరును మాటలాడరు. ఆ పిమ్మట బిడ్డ యేదైన అడిగినచో, అది మహారాష్ట్రమును గూర్చి యుండదు. మన యూరిలో వారి యిండ్లెక్కడ నుండెడివి, వారు నీళ్లు ఏ బావిలో తోడుకొనెడివారు, మన బావి దగ్గరకు వచ్చినచో ఏమనెడివారు అని తాతగారి నడుగును. తాతగారికి ఆ బావి తెలియును. కోడలు కాఫీ తెచ్చు నెపమున మాట మార్పకుండ, కొడుకు టీవీ మఱల పెట్టకుండ, ఆయనను చెప్పనీయవలెను.